గ్రహణం మొర్రి

2025 సెప్టెంబర్ 7, ఆదివారం. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. తిరుమలలో మధ్యాహ్నమే తలుపులు మూశారని టీవీలో స్క్రోలింగ్ పోతోంది, ఇంకో చానల్లో ఏ రాశివాళ్లు చూడకూడదో ఒకాయన లెక్క చెప్తున్నాడు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫార్వర్డ్ పెట్టారు. ఓ పక్క గెలీలియో బొమ్మ, ఓ పక్క ఆర్యభటుడి బొమ్మ. విదేశాల్లో మతం సైన్స్‌ని జైల్లో పెట్టింది, మన దగ్గర మాత్రం మతమే సైన్స్, అందుకే మనకి ఆ గొడవలే లేవు అని దాని సారాంశం. కింద వరసగా దండాలు.

అదే టైంకి అమ్మ ఫోన్లో మా చెల్లికి జాగ్రత్తలు చెప్తోంది. చెల్లికి అప్పుడు ఏడో నెల. కత్తి ముట్టకు, సూది ముట్టకు, గోక్కోకు, పక్కకి తిరిగి పడుకోకు, కిటికీలకి దుప్పట్లు కట్టు. చెల్లి సాఫ్ట్‌వేర్‌లో టీం లీడు, అన్నిటికీ ఊ ఊ అంటోంది. నేను పక్కనే కూర్చుని ఫార్వర్డ్ చదువుతున్నా. గొడవలే లేవట!

నాకు ఆ మాటతోనే పేచీ. దేవుడున్నాడా లేడా అనే పంచాయితీ ఇక్కడ పెట్టట్లేదు, దాని మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా రాస్తారు. మనకి మతానికీ సైన్స్‌కీ గొడవ లేదు అనే మాట మీదే నా అనుమానమంతా. గొడవ జరగక కాదు, జరిగింది, కాకపోతే ఒక వైపు వాళ్లు ముందే నోరు మూసుకున్నారు కాబట్టి చప్పుడు బయటికి రాలేదు అని నా వాదన. ఆ చప్పుడు రాకపోయినందుకు ఎవరు బాకీ కట్టారో నాకు తెలుసు. ఒకావిడ మా ఇంట్లోనే ఉంది.

పెద్దమ్మ

పై పెదవి చీలి పుట్టిన పిల్లల్ని తెలుగులో ఏమంటాం? గ్రహణం మొర్రి. ఉచిత ఆపరేషన్ల క్యాంపు పెట్టే డాక్టర్లు కూడా ఫ్లెక్సీ మీద అదే రాయిస్తారు, వేరే మాట రాస్తే జనానికి అర్థం కాదు మరి. ఆ రెండు ముక్కల్లోనే నేరం, నేరస్తురాలు, తీర్పు అన్నీ ఉన్నాయని నాకు చాలా ఏళ్లు తట్టలేదు. గ్రహణం మొర్రి అన్నామంటే తల్లి గ్రహణం పూట ఏదో చేసిందని అర్థం. తండ్రి ఏం చేశాడని ఎవరూ అడగరు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నల్గొండ జిల్లా మీదుగా పోయింది. మధ్యాహ్నం మూడు ముప్పావు ప్రాంతంలో రెండు నిమిషాలకి పైగా చీకటి. హైదరాబాద్ దగ్గర జపాల్ రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల అబ్జర్వేటరీ ఉంది కదా, గ్రహణాన్ని చూడ్డానికి అక్కడికి ఎక్కడెక్కడి సైంటిస్టులో వచ్చారు. అక్కడికి కొన్ని గంటల బస్సు ప్రయాణం దూరంలో మా పెద్దమ్మ ఆరో నెల కడుపుతో, ధాన్యం బస్తాలు పేర్చిన అర్రలో, తలుపు సందులకి గుడ్డలు కుక్కి, కదలకుండా వెల్లకిలా పడుకుని ఉంది. పొద్దున్నించీ ఏమీ తినలేదు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. చెప్పినవన్నీ చేసింది.

మే నెలాఖర్లో అన్న పుట్టాడు, మొర్రితో. అంగిలి కూడా చీలి ఉండటంతో పాలు పట్టుకోలేకపోయేవాడు, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసి బతికించింది. ఊరు మాత్రం ఆమెనే పట్టుకుంది. అర్రలోనే ఉన్నా కదా అంటే, ఎక్కడో గోకి ఉంటవు. గోకలేదంటే, నిద్రలో ఒత్తిగిలి ఉంటవు. అదీ కాదంటే తలుపు సందులకెల్లి ఎండ పడ్డదేమో. వాళ్లత్త పోయేదాకా అదే మాట మీద ఉంది. అన్న బడికి పోయాక పేరే మారిపోయింది, మొర్రోడు. ఏడేళ్లకి ఆపరేషన్ అయింది, పేరు మాత్రం పోలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. కడుపులో బిడ్డకి పై పెదవి అతుక్కునేది దాదాపు నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంగిలి ఇంకో రెండు మూడు వారాలకి. అంటే చాలామందికి నెల తప్పిందా లేదా అనే డౌటు తీరే టైంకే పెదవి పని అయిపోతుంది. అన్న విషయంలో అది 1979 దసరా అటూ ఇటూ. గ్రహణం వచ్చేసరికి ఆ పెదవి చీలి నాలుగు నెలలు దాటింది. పొట్ట కనపడే ఆడమనిషిని తీసుకెళ్లి చీకట్లో కూర్చోబెట్టడం ఎలా ఉంటుందంటే, రిజల్ట్ వచ్చాక హాల్ టికెట్‌కి పూజ చేసినట్టు. ఈ లెక్కకి పెద్ద చదువేం అక్కర్లేదు, వేళ్ల మీద అయిపోతుంది. నలభై అయిదేళ్లలో మా ఇంట్లో ఒక్కరూ వెయ్యలేదు, నాతో సహా. నేను బీఎస్సీ చదివా, ఎంబ్రియాలజీలో, అంటే పిండం ఎలా పెరుగుతుందో చెప్పే సబ్జెక్టులో, మార్కులు కూడా బాగానే వచ్చాయి.

ప్రపంచంలో దాదాపు ఏడు వందల మందిలో ఒకరు ఇలా పుడతారు. గ్రహణం కనపడ్డ దేశంలోనూ, కనపడని దేశంలోనూ. మెక్సికోలో కూడా ఇదే నమ్మకం ఉంది, అక్కడ కడుపుతో ఉన్నవాళ్లు బట్టలకి పిన్నీసు పెట్టుకుంటారు. ఇది చదివినప్పుడు నా కోపం కొంచెం తగ్గింది నిజానికి. ఇది ఒక మతం కనిపెట్టిన అబద్ధం కాదు, ఆకాశంలో ముక్క కొరికినట్టు కనపడితే కడుపులో పెదవికీ దానికీ ముడి పెట్టడం మనుషులందరికీ వచ్చే ఆలోచనే.

జైలు లేదు, అక్షరం మారింది

సరే, ఫార్వర్డ్ సంగతికి వద్దాం. ఆర్యభటుడు 499లో ఆర్యభటీయం రాశాడు. అందులో గోళపాదం అనే భాగంలో సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి పెద్ద నీడ కప్పుతుంది అని సూటిగా ఉంది. రాహువు లేడు, కేతువు లేడు. భూమి తిరుగుతుందని కూడా చెప్పాడు, పడవలో పోయేవాడికి ఒడ్డున కదలనివన్నీ వెనక్కి పోతున్నట్టు కనపడతాయి కదా, నక్షత్రాలు పడమటికి పోవడం అలాంటిదే అని. గర్వపడాల్సిందే, నేనూ పడతా.

కానీ ఫార్వర్డ్ అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఏమైంది? 628లో బ్రహ్మగుప్తుడు, సామాన్యుడు కాదు, సున్నాతో లెక్కలు ఎలా చెయ్యాలో నియమాలు రాసినవాడు, తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఆర్యభటుణ్ణి, అదే మాట అన్న వరాహమిహిరుణ్ణి ఈ విషయం మీద తిట్టిపోశాడు. ఆయన వాదన ఏంటంటే, గ్రహణానికి రాహువు కారణం కాదంటే గ్రహణ స్నానాలు, జపాలు, దానాలు అన్నీ వట్టివైపోతాయి, అది వేదానికీ స్మృతికీ విరుద్ధం అని. అని ఊరుకున్నాడా, అదే పుస్తకంలో గ్రహణం లెక్క మాత్రం భూమి నీడ వెడల్పు పెట్టే కట్టాడు. రెండిటికీ రాజీ కూడా ఆయనే చేశాడు, బ్రహ్మ ఇచ్చిన వరం వల్ల రాహువు ఆ నీడలోకి దూరతాడట.

నాలుగు వందల ఏళ్ల తర్వాత మధ్య ఆసియా నుంచి వచ్చిన పండితుడు అల్ బిరూనీ ఇది చదివి తల పట్టుకున్నాడు. ఇంత తెలిసినవాడు ఇలా ఎందుకు రాశాడు అని ఆలోచించి, విషం తాగించి చంపిన సోక్రటీసుకి పట్టిన గతి లాంటిదేదో తనకీ పడుతుందని భయపడి ఉంటాడు అన్నట్టు రాశాడు. నిజంగా భయమా, లేక మనస్ఫూర్తిగా నమ్మాడా? మనకి తెలిసే దారి లేదు. నాకైతే నమ్మకం, భయం అని రెండుగా విడదీయడమే తప్పేమో అనిపిస్తుంది. మా చెల్లి ఊ ఊ అన్నది నమ్మా, భయపడా? తనకే తెలీదు.

ఇంకోటి. ఆర్యభటీయంలో ఒక చోట భూమి ఇంత కాలంలో ఇంత కోణం తిరుగుతుంది అనే శ్లోకం ఉంది. బ్రహ్మగుప్తుడు దాన్ని ఖండించడానికి ఎత్తి రాసినప్పుడు అందులో భూః అనే ఉంది. తర్వాతి వ్యాఖ్యాతల చేతుల్లో అది భం అయిపోయింది, అంటే భూమి కాదు, నక్షత్ర మండలం తిరుగుతుంది అని. మన దగ్గర గెలీలియోని ఎవరూ కోర్టుకి ఈడ్వలేదు నిజమే. ఒక అక్షరం మార్చారు, పని అయిపోయింది. ఆర్యభటుడి శ్లోకం భక్తిగా చదువుతూనే ఆయన చెప్పనిది ఆయన నోట్లో పెట్టారు.

గెలీలియో కథ కూడా ఫార్వర్డులో ఉన్నంత సింపుల్‌గా లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో విచారణ అయ్యాక ఆయన్ని పెట్టింది గృహ నిర్బంధంలో, చనిపోయేదాకా అలానే ఉన్నాడు. శిక్ష వేయించిన పోప్ ఎనిమిదో అర్బన్ ఒకప్పుడు ఆయన అభిమాని. అసలు సూర్యుణ్ణి మధ్యలో పెట్టిన కోపర్నికస్‌కి జీతం ఇచ్చింది చర్చే. కాబట్టి అక్కడంతా రాక్షసులు ఇక్కడంతా ఋషులు అనేది కుదరదు, తిరగేసినా కుదరదు.

ఒక్క తేడా మాత్రం ఉంది, అది నాకు ఈ మధ్యే తట్టింది. రోమ్‌లో ఆఫీసుంది, జడ్జీలున్నారు, సంతకాలున్నాయి, ఫైలుంది. ఫైలుంది కాబట్టే 359 ఏళ్లు పట్టినా 1992లో పోప్ రెండో జాన్ పాల్ అప్పట్లో పొరపాటు జరిగింది అని ఒప్పుకోగలిగాడు. మా పెద్దమ్మ కేసులో ఫైలెక్కడుంది? తీర్పిచ్చింది ఎవరు, అత్త, పక్కింటామె, మంత్రసాని, పంచాంగం చూసి చెప్పినాయన, రేడియో? ఎవరూ కాదు, అందరూ. రేపు ఎవరైనా సారీ చెప్పాలన్నా ఏ గడపకి వచ్చి చెప్తారు, ఎవరి తరఫున చెప్తారు?

ఇది చెప్తే నా ఫ్రెండొకడు, భక్తిపరుడు, చాలా చదివినోడు, వెంటనే అడ్డం తగిలాడు. నువ్వు చెప్తున్నది మతం కాదురా, పల్లెటూరి నమ్మకం, ఏ శాస్త్రంలో ఉంది మొర్రి గురించి, పైగా గ్రహణం పూట ఉపవాసం విషయంలో పిల్లలకి, ముసలాళ్లకి, రోగులకి, గర్భిణులకి మినహాయింపు ఉందని పంచాంగకర్తలే చెప్తారు కదా అన్నాడు. కరెక్టే. తిరుమల మూస్తే శ్రీకాళహస్తి తెరిచే ఉంటుంది, గ్రహణం టైంలోనే అక్కడ అభిషేకం చేస్తారు, అంటే మతం లోపలే బోలెడు జాగా ఉంది. నేను ఒప్పుకున్నా. కానీ ఒక ప్రశ్న అడిగా. గుడి ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు సంప్రోక్షణో, పట్టు స్నానం విడుపు స్నానం ఎన్ని గంటలకో నిమిషాలతో సహా రాష్ట్రమంతా చేరవేసే ఏర్పాటుంది కదా, అదే నోటీసు కింద ఒక్క లైను, మొర్రికీ గ్రహణానికీ సంబంధం లేదు, తల్లుల్ని అనకండి అని, ఎవరన్నా ఎప్పుడన్నా వేయగా చూశావా? నేనైతే చూళ్లేదు. వాడు చాయ్ తాగుతూ, వేస్తే బానే ఉంటది అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

రోకలి, దర్భ

అసలు మూఢనమ్మకం కంటే నన్ను ఎక్కువ చికాకు పెట్టేది దానికి వేసే సైన్స్ డ్రెస్సు. దర్భ రేడియేషన్ని ఆపుతుంది, గ్రహణం టైంలో బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి వండినవి పారెయ్యాలి, ఇలాంటివి. మా నానమ్మ పచ్చడి జాడీ మీద దర్భ వేసేది, ఎందుకే అంటే, వెయ్యాలి కాబట్టి అనేది. ఆ జవాబులో నిజాయితీ ఉంది. రేడియేషన్ అన్నాక మనం కొలవచ్చు అన్నమాట, కొలిస్తే చంద్రగ్రహణంలో జరిగేది చంద్రుడి మీద మన నీడ పడటమే, రోజూ రాత్రి మన మీద పడే నీడే అది. సూర్యగ్రహణం వేరు, ఉత్త కళ్లతో చూస్తే కళ్లు నిజంగా పోవచ్చు, ఆ జాగ్రత్త మాత్రం పెద్దోళ్లది కరెక్టే, కారణం ఏదైనా.

రోకలి సంగతి అందరికీ తెలుసు. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి పెడితే గ్రహణం పట్టినంతసేపు నిలబడుతుంది. నాకు పదేళ్లప్పుడు మా వాకిట్లో నిలబెట్టారు, వీధంతా వచ్చి దండం పెట్టి పోయారు. మర్నాడు ఎవరూ లేనప్పుడు నేను మళ్లీ పెట్టి చూశా, నిలబడింది. అడుగున ఇనప పొన్ను చదునుగా ఉంది, నిలబడక ఏం చేస్తుంది. నాన్నని పిలిచి చూపించా. చూసి, నిలబడితే నిలబడ్డది, తీసి మూలకి పెట్టు, కాలు మీద పడతది అన్నాడు. ఆ రోజు నాకు చాలా అవమానం అనిపించింది. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయనకి అర్థమైంది, అర్థమైనట్టు కనపడటం ఇష్టం లేదు. బ్రహ్మగుప్తుడి వరస.

జన విజ్ఞాన వేదిక వాళ్లు గ్రహణం పూట రోడ్డు మీద టిఫిన్లు పెట్టి తిని చూపిస్తారు. నేనూ ఒకసారి పోయి ఉప్మా తిన్నా, మంచి పనే. కానీ తిన్నవాళ్లంతా ముందే నమ్మకం లేనోళ్లు, చూసినవాళ్లు నవ్వుకుని పోయారు. ఆ ఉప్మా మా పెద్దమ్మ దాకా చేరలేదు. మనం కూడా మన గ్రహణ విధి ఏదో చేసుకుని ఇంటికొస్తున్నామేమో అనే అనుమానం ఆ రోజే మొదలైంది.

ఈ సైన్స్ డ్రెస్సు గురించి అనుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది జార్జ్ లెమైత్ర్ అనే బెల్జియం ఫాదర్. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే రాసినవాడు, తర్వాత మనం బిగ్ బ్యాంగ్ అంటున్న ఆలోచనకి ఆద్యుడు. 1951లో పన్నెండో పయస్ పోప్ ఉత్సాహపడి ఇది సృష్టికి రుజువే అన్నట్టు ప్రసంగిస్తే, సంతోషించాల్సిన ఈ ఫాదర్ ఇబ్బంది పడ్డాడు. నా థియరీని మతానికి సాక్ష్యంగా పిలవొద్దు, రేపు థియరీ మారితే మీ దేవుణ్ణి కూడా మార్చుకుంటారా అనేది ఆయన బాధ, నా మాటల్లో చెప్పాలంటే. మెడలో కాలర్ వేసుకున్న మనిషి ఆ గీత గీశాడు. మన టీవీ పండితులు రోజూ చెరిపేది ఆ గీతనే.

ఇంకో మాట, ఇది గుంటూరు వాళ్లకి. 1868 ఆగస్టు 18 గ్రహణానికి జాన్సెన్ అనే ఫ్రెంచాయన గుంటూరొచ్చి సూర్యుడి అంచుల్లోంచి ఎగసే మంటల వెలుగుని విడగొట్టి చూశాడు. ఆ గ్రహణం వెలుగులో కనపడ్డ పసుపు గీత తర్వాత హీలియం అనే కొత్త వాయువుదని తేలింది, అది భూమ్మీద దొరకడానికి ఇంకో 27 ఏళ్లు పట్టింది. అదే పూట ఆ ఊళ్లోనే ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది చీకటి గదుల్లో ఉన్నారో.

నేను నోరు మూసుకున్న చోట

ఇంతా రాశాక నా సంగతి కూడా చెప్పాలి. ఆ సెప్టెంబర్ గ్రహణం అయిన వారానికి పెద్దమ్మ దగ్గరికి పోయా. కాగితం మీద నెలలు వేసి చూపించా. ఇదిగో గ్రహణం ఇక్కడ, పెదవి ఇక్కడ, మధ్యలో నాలుగు నెలలు, నీ తప్పు ఏమీ లేదు అని. ఏడుస్తుందేమో అనుకున్నా, నాకైతే గొంతు పట్టేసింది. ఆమె కళ్లజోడు పెట్టుకుని కాగితం దగ్గరగా చూసింది. చూసి, "నా తప్పు కాదని నాకెర్కలేదా బిడ్డా, నేను కదలనే లేదు గదా" అంది. కాసేపాగి అడిగింది, "మరైతే ఎందుకొచ్చినట్టు?"

సైన్స్ దగ్గర ఈ ప్రశ్నకి శుభ్రమైన జవాబు లేదు. కొంత జన్యువుల వల్ల, కొంత ఫోలిక్ యాసిడ్ లాంటివి తక్కువవడం, కొన్ని మందులు, పొగ, చాలాసార్లు ఏదీ చెప్పలేం. గ్రహణం అయితే ఒక్క ముక్కలో చెప్పేస్తుంది, అబద్ధమైనా. ఇదొక్కటే అయితే చెప్పేవాణ్ణి. కానీ పెద్దమ్మది మేనరికం. పెదనాన్న ఆమెకి సొంత మేనమామ. దగ్గరి రక్తంలో పెళ్లయితే పుట్టుకతో వచ్చే లోపాల రిస్కు కొంత పెరుగుతుందని నాకు తెలుసు. ఆయన పోయి మూడేళ్లు, గోడ మీద ఫోటోకి రోజూ పూలు పెడుతుంది. ఈ ఒక్క కేసులో కారణం అదేనని ఎవరూ చెప్పలేరు కూడా. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులే. "అట్ల కొందరికి వస్తదంట పెద్దమ్మా, ఎందుకో డాక్టర్లకే తెల్వదు" అన్నా. నేను కూడా శ్లోకంలో అక్షరం మార్చా.

అది తప్పా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆమె మనవరాలికి మేనరికం సంబంధం మాట వస్తే మాత్రం నోరు విప్పుతా అని అనుకున్నా. అనుకోవడమైతే అనుకున్నా.

గ్రహణం రాత్రి పదకొండున్నరకి నేను డాబా మీద ఉన్నా, చంద్రుడు రాగి చెంబులా ఉన్నాడు. చెల్లి వీడియో కాల్ చేసింది, చూపించు అని. పైకి తిప్పి చూపించా. ఫోన్లో చూస్తే పర్లేదంట, అమ్మనడిగా అంది. వెనక కిటికీకి దుప్పటి కట్టి ఉంది.

నవంబర్లో పాప పుట్టింది. మూడో రోజు పెద్దమ్మ ఆస్పత్రికొచ్చింది. పొత్తిళ్లలో తీసుకుని అందరూ కళ్లెవరివి, ముక్కెవరిది అంటుంటే ఆమె బొటనవేలితో పాప పై పెదవి మీద ఒకసారి నిమిరింది. అమ్మ అది చూసింది. చూసి సంతోషంగా, "మంచిగుంది అక్కా, ఆనాడు నేను బయటికి పోనియ్యలే గదా, అందుకే" అంది.

పెద్దమ్మ పాప మీది బట్ట సర్దుతూ, తల ఎత్తకుండానే అంది, "నేను గూడ పోలే చెల్లే."